బూరక్కకి సరిపోయే ట్యూబా

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడని అందరూ బూరక్క అనే పిలుస్తారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ముప్ఫై మూడేళ్ళుగా ట్యూబా ఊదుతున్న మనిషికి ఇంకేం పేరు పెడతారు చెప్పండి?

ట్యూబా ఏమిటంటారా? బ్యాండులో అందరికన్నా వెనక, ఒళ్ళో ఇత్తడి గంగాళం లాంటిది పెట్టుకుని కూర్చునే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆ గంగాళమే ట్యూబా. బుగ్గలు పూరించి ఊదుతారని జనం అనుకుంటారు గానీ అదంతా బొమ్మల్లోనే. బుగ్గ పూరిస్తే నేర్పే మాస్టారు చెంప మీద పెన్సిలుతో ఒక్కటిస్తారు. గాలంతా పొట్టలోంచి రావాలి. వచ్చాక కూడా ఎవరూ మెచ్చుకోరు. చప్పట్లన్నీ ముందు వరస ట్రంపెట్లకే పోతాయి.

లాండ్రీలో బూరక్క పని దుప్పట్లది. తడి దుప్పటి ఒక చివర వేడి రోలర్ల మధ్యకి వెళ్ళి రెండో చివర అట్టలా బయటికొస్తుంది. అది నేల తాకేలోపు పట్టుకుని నాలుగు మడతలు వెయ్యాలి. ఆ రొదలో మామూలుగా మాట్లాడితే ఎదుటివాళ్ళకి పెదాలాడడమే కనిపిస్తుంది. అందుకని ఆవిడ ఇంట్లో కూడా అదే గొంతుతో మాట్లాడుతుంది. "ఆ ఉప్పు ఇటివ్వు" అంటే పక్కింటివాళ్ళు ఉప్పు పట్టుకొచ్చేలా ఉంటుంది. వాళ్ళాయన వడ్రంగి. ఆయన చెవులు బాగా పనిచేస్తాయి, ఆయన బాధల్లా అదే.

బూరక్కకి వారంలో రెండు పండగలు. గురువారం సాయంత్రం పెద్ద బ్యాండు, నలభై అయిదు మంది. దాన్ని నడిపేది ఒక సన్నటి మనిషి. చేతిలో కర్ర, మొహంలో చిరాకు, రెండూ ఎప్పుడూ దిగవు. అందరూ కర్రాయన అంటారు, ఆయన వెనకాలే లెండి. ఆదివారం మధ్యాహ్నం చిన్న జట్టు, అయిదుగురే. దానికి నాయకురాలు బూరక్క సొంత చెల్లెలు, పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. ఆ క్లినిక్కులో రోగులు ఎదురుచూసే గదే వాళ్ళ సాధన గది. కుర్చీలు గోడకి జరిపి, పళ్ళు తోముకునే విధానం బొమ్మల కింద నిలబడి వాయిస్తారు.

చిక్కు ఆదివారంతోనే వచ్చింది. క్రితం కచేరీని ఎవరో ఫోనులో రికార్డు చేశారు. చెల్లెలు దాన్ని అక్క చెవి దగ్గర పెట్టింది.

"విను. మేం నలుగురం అందులో ఉన్నామో లేమో దేవుడికే తెలియాలి. నువ్వు మాత్రం ఉన్నావు."

"ఫోను మంచిది కాదే."

"ఫోనుకేం రోగం? అక్కా, నీకు అబద్ధం చెప్పలేను. ఆ గంగాళంతో మా ప్రాణాలు తోడేస్తున్నావు. ఇంకో ఆరు వారాల్లో లైబ్రరీ హాల్లో మన కార్యక్రమం. చిన్నదేదైనా చూసుకుంటావా సరేసరి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను. అడుగుతున్నవాడు ఉన్నాడు."

సొంత చెల్లెలు! ఎత్తుకుని తిరిగిన చెల్లెలు! బూరక్కకి కోపం ఓ పక్క, భయం ఇంకో పక్క. ఆ జట్టు మొదలుపెట్టిందే అక్కాచెల్లెళ్ళిద్దరూ. ఆదివారం పోతే వారంలో తనకి మిగిలేది ఒక్క గురువారం, ఆ దుప్పట్లే కదా అనిపించింది. పైగా అదే నెలలో పెద్ద బ్యాండువాళ్ళు ఇకమీదట వాయిద్యాలు హాలు దాటి బయటికెళ్ళకూడదని నోటీసు అంటించారు. ఎవరో మహానుభావుడు బ్యాండు డోలుని బస్సులో మరిచిపోయాడట. ఇన్నాళ్ళూ బూరక్క రెండు చోట్లా ఊదింది బ్యాండువాళ్ళ పెద్ద ట్యూబానే. కాబట్టి ఇప్పుడు సొంతంగా కొనుక్కోక తప్పదు, అది కూడా ఒక్కటే, రెండు చోట్లకీ పనికొచ్చేది.

"రెండు కొంటే ఒకదాన్ని మంచం మీద పడుకోబెట్టి నేను కింద పడుకోవాలి," అన్నాడు వాళ్ళాయన, అలమారా లోతు టేపుతో కొలుస్తూ.

శనివారం బూరక్క, వాళ్ళాయన, ట్రంపెట్ పెట్టె పట్టుకుని చెల్లెలు, ముగ్గురూ బయల్దేరారు. తాళాలు బాగుచేసే కొట్ల సందులో ఇత్తడి వాయిద్యాల సొట్టలు తీసే ఆయన ఒకడున్నాడు. కొత్తవీ పాతవీ అమ్ముతాడు కూడా. ఆయన్ని సొట్టలాయన అంటే కోపం రాదు, బోర్డు మీద తనే రాయించుకున్నాడు. లోపలంతా నూనె వాసన, ఇత్తడి తోమే పొడి వాసన. మూడు ట్యూబాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పెద్దది. గొట్టం లావు, మూతి వెడల్పు. నలభై మంది దీని మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అయిదుగురిలో ఊదారో, మిగతావాళ్ళు ఇంటికెళ్ళిపోతారు. ఇది చిన్నది. గొట్టం సన్నం, గొంతు చురుకు. అయిదుగురిలో ఇట్టే కలిసిపోతుంది, కానీ పెద్ద బ్యాండులో అడుగు స్వరాలకొచ్చేసరికి దీన్ని టార్చి వేసి వెతకాలి. ఇదిగో, ఇది మధ్యరకం. గొట్టం ఓ మోస్తరు, మూతి కాస్త ఉదారం, వేళ్ళతో నొక్కే వాల్వులు నాలుగు. మీ వేళ్ళకి అలవాటైన పద్ధతే, కొత్తగా నేర్చుకునే పనిలేదు. ఊదే మౌత్‌పీసులు రెండు పెట్టుకోండి. గురువారానికి లోతుది, ఆదివారానికి లోతు తక్కువది. రెండు చోట్లా మర్యాదగా బతుకుతుంది."

బూరక్క పెద్దదాని మీద చెయ్యి వేసి ఊదబోయింది. ఆయన ఆపాడు.

"మీరు ఊదుకుని మీరే విని కొనడానికి ఇది ఈల కాదమ్మా. మూతి పైకి చూస్తుంది. మీ చప్పుడు మీకు తప్ప అందరికీ తెలుస్తుంది. మీ ఆయన్ని ఎదురు కొట్టు గుమ్మంలో నిలబెట్టండి. మీ చెల్లెలుగారు మీ పక్కనే ట్రంపెట్ ఊదుతారు. ఆయన చెప్పిందే తీర్పు."

వాళ్ళాయన సందు దాటి తాళాలకొట్టు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పెద్దదానితో ఓ పాట ముక్క వాయించారు. అద్దాల బీరువా గజగజలాడింది.

"మరదలు ఇంకా మొదలుపెట్టలేదా?" అని అరిచాడు అవతలి నుంచి.

మధ్యదానితో వాయించారు. "మరదలు తయారైందా?" అన్నాడు. సరేనని చిన్నదాన్ని ఎత్తుకుంది బూరక్క. చెల్లెలు మొహం ఎర్రబడేదాకా ఊదింది.

"ఇప్పుడేదో దూరంగా వినిపించింది. ట్రంపెట్టేనా, ఎవరైనా సైకిలు బెల్లు కొట్టారా?"

చెల్లెలు ట్రంపెట్ దించి, "బావా, మీరు ఇంటికి రండి చెబుతాను," అంది. సొట్టలాయన మాత్రం నవ్వలేదు. బూరక్క వైపు అదోలా చూశాడు.

"అమ్మా, చిన్నది కూడా ఇలా అరిచిందంటే తప్పు ఇత్తడిది కాదు. మీరు ఇద్దరికి సరిపడా గాలి ఊదుతున్నారు. బ్యాండులో ట్యూబాలు ఎన్ని?"

"రెండు."

"మరి రెండో ఆయన ఊదడా?"

"ఎందుకు ఊదరు? ఊదుతారు," అంది బూరక్క. జన్మలో మొదటిసారి ఆ మాట ఎవరికీ వినపడనంత మెల్లగా అంది.

ఆ రెండో ఆయనే ఆవిడకి ట్యూబా నేర్పిన మాస్టారు. ఉద్యోగం లిఫ్టు మెకానిక్కు, రిటైరై చాలా ఏళ్ళయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల చేతిలో ఆ గంగాళం పెట్టి, చెంప మీద పెన్సిలుతో కొట్టింది ఆయనే. ఆరేళ్ళ కిందట ఆయనకి ఛాతీ ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఊదకూడదన్నారు డాక్టర్లు. మాస్టారు మూడో గురువారానికే వచ్చి కూర్చున్నారు. పెదాలు ఆనించి వేళ్ళు మాత్రం ఆడించారు. బూరక్క ఏమీ అడగలేదు, ఆయన వంతు కూడా కలిపి ఊదేసింది. మూడు నెలలే కదా అనుకుంది.

మూడు నెలలు పోయి ఆరేళ్ళయింది. పక్క కుర్చీలోంచి ఆవిడకి చప్పుడన్నది వినపడలేదు. ఓరకంట చూస్తే వేళ్ళాడుతూనే ఉంటాయి. పాపం, ఊపిరి తిరిగి రాలేదు కాబోలు అనుకుంది. అడగడమెలా? "మాస్టారూ, మీకు ఊపిరుందా?" అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

పైగా కర్రాయన సంగతి తెలిసిందే. కిందటేడు డోలు పెద్దాయన చేతులు వణుకుతున్నాయని కనిపెట్టి, ఆయనకో పూలగుత్తి ఇచ్చి, ముందు వరసలో కుర్చీ వేయించి, 'గౌరవ సభ్యుడు' అన్నాడు. ఆ పెద్దాయన రెండు గురువారాలు ఆ కుర్చీలో గెస్టులా కూర్చుని మూడోవారం నుంచి రావడం మానేశాడు. భార్య పోయాక మాస్టారుకి ఉన్నదల్లా గురువారమే. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేకంటే బూరక్క ఇద్దరిది కాదు, నలుగురి గాలైనా ఊదుతుంది. అలా ఊదీ ఊదీ, ఒక్కరి గాలి ఎంతో మరిచిపోయింది.

సొట్టలాయన మధ్యదాన్ని రెండు వారాలు ఇంటికి తీసుకెళ్ళి చూడమన్నాడు. నచ్చకపోతే రెండో శుక్రవారం తిరిగి ఇచ్చెయ్యొచ్చు. ఆ రాత్రి భోజనాల దగ్గర బూరక్క మొగుడికి అంతా చెప్పేసింది.

"మరి మాస్టారుకి చెప్పెయ్," అన్నాడాయన.

"చెప్పెయ్యట! బల్ల కాలు కోసినంత తేలికనుకున్నావా?"

"బల్ల కాలు కొయ్యడం కూడా తేలికేం కాదు."

మర్నాడు పొద్దున్నే ట్యూబాని పెట్టెలో వేసుకుని మాస్టారింటికి వెళ్ళింది. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన ఆ మనిషి ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తులో. రెండో అంతస్తుకే బూరక్క నాలుక బయటికొచ్చింది. పైనుంచి చప్పుడు విని మాస్టారు గబగబా దిగివచ్చి, "ఇటివ్వు అమ్మాయ్," అని పెట్టె లాక్కుని పైకి నడిచారు. ఆయన చొక్కా మడతలు చూస్తూ, మాటలు వెతుక్కుంటూ ఆవిడ వెనకాలే రొప్పుకుంటూ ఎక్కింది. ఎదురుగా కనిపిస్తున్నది కూడా కనపడని రోజులుంటాయి మనిషికి.

మాస్టారు ట్యూబాని తిప్పి తిప్పి చూశారు. వాల్వులు ఒక్కొక్కటీ నొక్కి, అవి పైకి లేచే చప్పుడు చెవి పెట్టి విన్నారు. "రెండు చోట్లకీ ఇదే సరైనది. తీసేసుకో," అన్నారు.

"మాస్టారూ..."

"ఊ?"

"టీ బాగుంది," అంది బూరక్క. ఇంకా టీ పెట్టనేలేదు పాపం ఆయన.

ఆ మధ్యాహ్నం క్లినిక్కులో, లోతు తక్కువ మౌత్‌పీసు పెట్టి, కళ్ళు మూసుకుని, తనొక్కతే అన్నట్టు తన వంతే ఊదింది. అంత తక్కువ గాలి ఊదుతుంటే ఏదో దొంగతనం చేస్తున్నట్టుంది. పాట అయ్యేసరికి నలుగురూ వాయిద్యాలు దించి ఆవిడనే చూస్తున్నారు. చెల్లెలు వచ్చి మెడ కావిలించుకుంది.

"అక్కా, ఇదే. ఇదే కావాలి మాకు. ఇక ఎవడొచ్చి అడిగినా నీ చోటు నీదే."

బూరక్క సంతోషంగా ట్యూబాని పెట్టెలో పడుకోబెట్టింది. ఇంటికెళ్ళే దారిలో గురువారం గుర్తొచ్చి ఆ సంతోషం కాస్తా దిగిపోయింది.

గురువారం మధ్యరకంతోనే పెద్ద బ్యాండుకి వెళ్ళింది. ఆవిడ ఊదుతూ వచ్చిన పెద్దదాన్ని అప్పటికే కొత్తగా చేరబోయే ఎవరికో రాసేశారు. ఎప్పట్లాగే ఇద్దరి గాలి పెట్టి ఊదింది. మధ్యరకం మర్యాదస్తురాలు, అంత గాలి భరించలేదు. స్వరం పగిలింది. శ్రుతి ఎక్కడికో ఎక్కి కూర్చుంది. కర్రాయన తలెత్తి వెనక వరసకేసి చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అది మరీ ప్రమాదం.

ఇక తేలిపోయింది. ఈ ట్యూబా ఉంచుకోవాలంటే ఒక్కరి వంతే ఊదాలి. ఒక్కరి వంతే ఊదితే పక్క కుర్చీ నిశ్శబ్దం హాలంతా తెలుస్తుంది. తన ఆదివారం దక్కితే మాస్టారు గురువారం పోతుంది. వారమంతా దుప్పట్లు మడతపెడుతూ ఆలోచించింది. బుధవారానికి నిశ్చయించుకుంది. ట్యూబా తిరిగి ఇచ్చెయ్యాలి, పెద్దదాన్ని తిరిగిమ్మని బ్యాండువాళ్ళ కాళ్ళావేళ్ళా పడాలి. చెల్లెలు ఆ చోటు ఎవరికిచ్చుకుంటే వాళ్ళకి ఇచ్చుకుంటుంది. ఆ మాట మొగుడితో చెప్పి, గిన్నెలు తోముతూ కళ్ళు తుడుచుకుంది. ఆయన తువ్వాలు అందించాడు.

రెండో గురువారం. ఇంకొక్క సాయంత్రం గడిస్తే చాలు. సరిగ్గా అప్పుడే కర్రాయన ఒక నెమ్మది పాట తీయించాడు. అందులో పన్నెండు గీతల పొడవునా, తాళం ఒక చుట్టుకి ఒక గీత చొప్పున, ట్యూబాలకి ఒకే ఒక్క స్వరం. మెల్లగా, తెగకుండా ఉండాలి. ఇలాంటిచోట రెండు ట్యూబాలు ఎందుకుంటాయంటే, ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు పట్టుకుంటారు. వినేవాళ్ళకి ఎవరు ఎప్పుడు ఆగారో తెలియదు. ఆరేళ్ళుగా బూరక్క దీన్ని ఒక్కతే లాక్కొచ్చింది. పెద్ద గంగాళంలో గాలి నింపేసి, పెదాల మూలనుంచి దొంగ ఊపిర్లు తీస్తూ, కళ్ళు తిరుగుతున్నా సరే ఆగేది కాదు.

ఇవాళా అలాగే మొదలుపెట్టింది. నాలుగో గీతకి స్వరం బొంగురుపోయి పగిలింది. కర్ర స్టాండు మీద టకటకమంది.

"ట్యూబాలూ! ఏమిటది, తలుపు కిర్రుమన్నట్టు? ఎవరది? మళ్ళీ. మెల్లగా ఊదండి. ఒక్కొక్కరూ ఎవరికి వాళ్ళు నాకు వినపడాలి."

నలభై మూడు మంది వెనక్కి తిరిగారు. గట్టిగా ఊదితే మళ్ళీ పగులుతుంది, అప్పుడు కర్రాయన ఇద్దర్నీ విడివిడిగా ఊదమంటాడు. మెల్లగా ఊదితే దొంగ ఊపిరికి చోటుండదు, ఆగిన చోటల్లా గుంట పడుతుంది. మాస్టారు వైపు చూడడానికి ధైర్యం చాలలేదు. కర్ర లేచింది.

మెల్లగా మొదలుపెట్టింది. తన వంతే. రెండు గీతలు, మూడు, అయిదు. ఛాతీ మండుతోంది. ఆరు. ఇక లాభం లేదు. క్షమించండి మాస్టారూ అనుకుని, పెదాలు పూర్తిగా తీసేసి, నోరారా ఊపిరి పీల్చింది.

స్వరం తెగలేదు.

ముందు తన చెవుల్నే అనుమానించింది. తను ఊదడం లేదు. స్వరం ఉంది. పక్కనుంచి వస్తోంది, మెత్తగా, నిండుగా, ఎక్కడా వణుకు లేకుండా. ముప్ఫై మూడేళ్ళ కిందట తనకి మొదటిసారి వినిపించిన స్వరమే అది. బూరక్క మళ్ళీ పెదాలు ఆనించి అందులోకి చేరింది. పన్నెండో గీత అయింది. కర్రాయన "ఆఁ," అని పేజీ తిప్పి, ముందు వరస ట్రంపెట్ల మీద పడ్డాడు.

"మీకు ఊపిరుందా మాస్టారూ?" అంది బూరక్క. అడగలేననుకున్న మాట అలాగే అడిగేసింది.

"లేకేం? నాలుగో నెలకే వచ్చేసింది," అన్నారాయన, మౌత్‌పీసు జేబురుమాలుతో తుడుచుకుంటూ. "మొదట్లో ఊదాను. నీ హోరులో నాకే వినపడలేదు. సరే, నువ్వు ఊపిరికి ఆగినప్పుడైనా అందుకుందామని చూశాను. నువ్వు ఆగితేగా?"

తన స్వరాల కాగితం ఇటు తిప్పి చూపించారు. ప్రతి పొడుగు స్వరం మీదా చిన్న చిన్న పెన్సిలు గీతలు. చెరిపి ఇంకో చోట పెట్టినవి, మళ్ళీ చెరిపినవి. చెరిపి చెరిపి ఒకచోట కాగితానికి చిల్లు పడింది.

"ఇక్కడ ఆగుతావనుకున్నా. ఆగలేదు. సరే ఇక్కడనుకున్నా. ఇక్కడా ఆగలేదు. ఆరేళ్ళు."

బూరక్కకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి నవ్వొచ్చింది. "చెప్పొచ్చు కదా!"

"ఏమని చెప్పను? అంత బాగా ఊదుతున్న పిల్లని, కాస్త తగ్గు, నేనూ ఉన్నానని అనమంటావా?" ఆయన కాగితంలో ఆ చిల్లుని వేలితో కప్పారు. "నీకు నా అవసరం లేదేమో అనుకున్నానమ్మాయ్."

ఆవిడ తల అడ్డంగా ఊపింది, మళ్ళీ మళ్ళీ ఊపింది.

ముందు కర్ర టకటకలాడింది. మాస్టారు పెన్సిలు తీసి, ఆవిడ కాగితం మీద తరవాతి పొడుగు స్వరం దగ్గర ఒక గీత పెట్టారు. "ఇక్కడ నువ్వు తీసుకో. నేను పట్టుకుంటాను."

"మరి మీరెక్కడ తీసుకుంటారు?" అని అడిగింది బూరక్క. ఆరేళ్ళలో ఆయన్ని ఆ మాట అడగడం అదే మొదలు.

మాస్టారు తన కోసం ఇంకో గీత పెట్టుకున్నారు.